బయటి మనిషిని పిలవాలా, వద్దా? షాప్ ఫ్లోర్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే విషయం. కన్సల్టెంట్‌ని పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఎప్పుడు, ఎంత ఇవ్వాలి, వచ్చినాయన చెప్పింది వినాలా వద్దా అని. నేను ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీ లోపల పనిచేశా, ఆ తర్వాత పదకొండేళ్ళుగా బయటి నుంచి వెళ్ళి సలహా చెప్పే పని చేస్తున్నా, కాబట్టి రెండు వైపులా నిలబడి చూసినవాడిగా ఉన్నదున్నట్టు చెప్తా. ఆరు ఉత్తరాలు తీసుకున్నా, ఊరు తప్ప పేర్లేవీ రాయట్లేదు.

ప్రశ్న (బాలానగర్): మాది జాబ్ వర్క్ షాపు సార్. కంప్యూటర్‌తోని నడిచే సీఎన్‌సీ మెషిన్లు తొమ్మిది, నలభై మంది పని చేస్తరు. మా నాయిన ముప్పై ఏండ్ల కింద ఒక్క లేత్‌తోని మొదలుపెట్టిండు. ఇప్పుడు ఒక అల్యూమినియం హౌజింగ్ చేస్తున్నం, 80 ఎంఎం బోరు, అంటే లోపలి రంధ్రం, హెచ్7 టాలరెన్స్. మా దగ్గర చెక్ చేస్తే అన్నీ ఓకే వస్తయి, కస్టమర్ దగ్గరికి పోయినంక బోరు తక్కువుందని వందకి ఏడెనిమిది వాపస్ వస్తున్నయి, ఎండకాలంల ఇంకా ఎక్కువ. ఒక కన్సల్టెంట్ మూడు నెలలకి నాలుగు లక్షలు అడుగుతున్నడు. ముప్పై ఏండ్లు చేసినోళ్ళకి బయటోడొచ్చి ఏం జెప్తడు అంటున్నడు మా నాయిన. ఏం జెయ్యమంటరు?

జవాబు: ఇప్పుడే పిలవకండి బాబూ. ఒక పదిహేను రోజులు ఆగండి, ఎందుకంటే మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. మా దగ్గర ఓకే, కస్టమర్ దగ్గర తక్కువ, ఎండాకాలంలో ఎక్కువ అని రాశారు కదా, ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకి దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది, స్టీలు దాదాపు 11.5 (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు). బోరు కొలిచే మీ బోర్ గేజ్‌ని, కొలత ముందే తెలిసిన స్టీల్ సెట్టింగ్ రింగ్ మీద జీరో చేస్తారు, అవునా. షాపులో 38 డిగ్రీలు ఉంది అనుకోండి, రింగూ పెరిగింది, బోరూ పెరిగింది, కానీ బోరు పెరిగింది రింగుకి రెట్టింపు. కస్టమర్ మాత్రం సీఎంఎం, అంటే కొలతలు తీసే మెషిన్, పెట్టిన ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర కొలుస్తాడు, డ్రాయింగ్ మీద కొలతలన్నీ 20 డిగ్రీల కొలతలే. 80 ఎంఎం మీద, 18 డిగ్రీల తేడాకి లెక్కేస్తే పదహారు పదిహేడు మైక్రాన్లు వస్తుంది. మీ హెచ్7 అంటే బోరు 80.000 నుంచి 80.030 దాకా ఉండొచ్చు, మొత్తం 30 మైక్రాన్లు. అంటే సగానికి పైగా ఎండకే పోయింది! మీ గేజ్ 80.010 అని చూపించిన జాబు (చేసిన పీసు) చల్లబడితే 79.993 కి వచ్చేస్తుంది, అది రిజెక్టే. అప్పుడే మెషిన్ లోంచి తీసిన జాబు షాపు కంటే ఇంకా వేడిగా ఉంటుంది, అప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది.

ఇదే కారణం అని నేను ఇక్కడ కూర్చుని తేల్చట్లేదు, మీరు తేల్చుకోగలరు అంటున్నా. వంద రూపాయల్లో దొరికే నోట్‌బుక్ ఒకటి పెట్టండి. జాబు నంబరు, మెషిను, షిఫ్టు, టైము, ఆ టైముకి జాబు ఎంత వేడి ఉంది, తీయగానే ఎంత చూపించింది, ఏసీ గదిలో రాత్రంతా పెట్టాక ఎంత చూపించింది, ఇంతే. పదిహేను రోజుల్లో బొమ్మ కనపడుతుంది. ఇదే కారణమైతే మందు తేలిక, అదే అల్యూమినియంతో ఒక మాస్టర్ రింగ్ చేయించుకుని జాబుతో పాటే పక్కన పెట్టుకుంటే రెండూ ఒకేలా పెరుగుతాయి, తేడా చాలా వరకు కొట్టుకుపోతుంది. కొలిచే ముందు జాబుని చల్లారనివ్వడం ఎలాగూ ఉండాలి.

అప్పటికీ వందకి రెండో మూడో మిగిలిపోయి, పుస్తకంలో ఎంత వెతికినా ఒక పద్ధతి కనపడకపోతే, అప్పుడు పిలవండి. ఉదాహరణకి మెషిన్‌లో జాబుని పట్టుకునే మూడు దవడల చక్‌లో పల్చటి గోడ ఉన్న జాబుని బిగిస్తే బోరు మూడు మూలల ఆకారంలోకి వెళ్తుంది, రెండు పాయింట్ల బోర్ గేజ్ ఎటు తిప్పి కొలిచినా ఆ తప్పు కనపడదు, ఎందుకంటే ఆ ఆకారంలో ఎదురెదురు దూరం అన్ని వైపులా దాదాపు ఒకటే ఉంటుంది. లేదా అల్యూమినియంలో లోపలి స్ట్రెస్ వల్ల బిగింపు వదలగానే జాబు కదులుతుంది. ఇలాంటివి పది షాపులు తిరిగి చూసినవాడు ఒక పూటలో పట్టుకుంటాడు, మీరు ఆరు నెలలు కొట్టుకుంటారు. ఆ తేడాకే డబ్బులు ఇవ్వాలి. దానికి కూడా మూడు నెలలకి నాలుగు లక్షలు అక్కర్లేదు, ముందు రెండు రోజులకి పిలిచి, ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టి, ఏమంటాడో వినండి. పుస్తకం తెరవకుండానే పరిష్కారం చెప్పేస్తే అక్కడితో నమస్కారం పెట్టి పంపేయండి.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన కోపంలో న్యాయం ఉంది, ఒక్క లేత్‌తో మొదలుపెట్టి ఇంతవరకు తెచ్చిన మనిషి ఆయన. కానీ మీ ఊరి సంగతే ఒకటి ఆయనకి గుర్తు చేయండి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్ సగం కొట్టుకుపోయింది. మళ్ళీ అలా జరక్కుండా ఏం చేయాలో చెప్పమని నిజాం సర్కారు 1909లో బయటి నుంచి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన వచ్చి వాన లెక్కలు, నది లెక్కలు, ఎగువన తెగిపోయిన చెరువుల లెక్కలు అన్నీ ముందేసుకుని, ఊళ్ళో గోడలు కట్టుకుంటే చాలదు, నీళ్ళని ఊరికి పైనే ఆపాలి అని చెప్పి, ఆ ఏడాదే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఉస్మాన్ సాగర్ 1920కి, హిమాయత్ సాగర్ 1927కి పూర్తయ్యాయి, కట్టించింది ఇక్కడి సర్కారే, ఆ తర్వాత ఇన్నేళ్ళు చూసుకున్నదీ ఇక్కడివాళ్ళే. ఫలానా అని చెప్పగల ఒక్క సమస్య కోసం పిలిచారు, లెక్కలు ఆయన ముందు పెట్టారు, ఆయన వెళ్ళాక పని ఆగలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మీ నాన్నగారు కన్సల్టెంట్ ముందు కూర్చుని ప్రశ్నలు అడిగితే, ఆ వచ్చినాయనలో సరుకుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది, మీకంటే ఆయనే బాగా తేలుస్తారు. ఆ పని ఆయనకే అప్పజెప్పండి.

ప్రశ్న (జీడిమెట్ల): ఆటో పార్ట్స్ చేస్తాం. పెద్ద కస్టమర్ ఐఏటీఎఫ్ 16949 (ఆటో పార్ట్స్ తయారీకి ఉన్న క్వాలిటీ స్టాండర్డ్) సర్టిఫికెట్ ఉంటేనే ఆర్డర్ అంటున్నాడు. ఒకాయన 45 రోజుల్లో సర్టిఫికెట్ చేతికిస్తా, పేపర్లన్నీ మేమే రాస్తాం, ఆడిట్ కూడా మావాళ్ళే చేస్తారు, మీరు సంతకాలు పెడితే చాలు అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దు. సలహా ఇచ్చిన సంస్థే అదే కంపెనీకి ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇవ్వకూడదు, సర్టిఫికెట్ సంస్థలకి ఉన్న ఐఎస్ఓ 17021 రూల్ అదే చెప్తుంది. రెండూ మావాళ్ళే అన్నాడంటే అక్కడితోనే కథ అయిపోయింది. పైగా ఐఏటీఎఫ్‌కి వెళ్ళాలంటే పన్నెండు నెలల ఇంటర్నల్ ఆడిట్లు, పనితీరు రికార్డులు చూపించాలి, 45 రోజుల్లో పన్నెండు నెలల రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి, పుట్టించాలి అంతే. రేపు కస్టమర్ మనిషి వచ్చి మీ ఆఫీసులో ఫైలు చూడడు, నేరుగా మెషిన్ దగ్గరికెళ్ళి ఆపరేటర్‌ని అడుగుతాడు, ఈ కొలత తప్పితే నువ్వేం చేస్తావు బాబూ అని. ఆ కుర్రాడు నోరెళ్ళబెడితే ఆర్డర్ పోతుంది, పేరూ పోతుంది.

కన్సల్టెంట్ అసలు వద్దనట్లేదు. కంట్రోల్ ప్లాన్ (ఏ కొలత ఎప్పుడు ఎలా చూడాలో రాసుకునేది), ఎఫ్ఎంఈఏ (ఏది ఎలా తప్పొచ్చో ముందే రాసుకునేది), గేజ్ ఆర్ అండ్ ఆర్ (గేజ్ వల్ల, కొలిచే మనిషి వల్ల కొలతలో ఎంత తేడా వస్తుందో చూసే పరీక్ష) ఎప్పుడూ చెయ్యని షాపుకి మొదటిసారి దగ్గరుండి చేయించేవాళ్ళు కావాలి. కానీ రాసేది మీ క్వాలిటీ అబ్బాయి అయ్యుండాలి, వచ్చినాయన దిద్దాలి. గేజ్ ఆర్ అండ్ ఆర్ పదిశాతం లోపు వస్తే మంచిది, ముప్పై దాటితే ఆ గేజ్ మీద పెట్టిన ఓకే, నాట్ ఓకే దేన్నీ నమ్మలేం, ఈ ఒక్క విషయం మీ అబ్బాయికి ఎందుకో ఏంటో అర్థమయ్యేలా నేర్పి వెళ్తే ఆ మనిషికిచ్చిన ఫీజు దండగ కాదు. ఏడాది పడుతుంది అని కస్టమర్‌కి నిజం చెప్పండి, ప్లాన్ చూపించి టైమ్ అడగండి.

ప్రశ్న (విశాఖ ఆటోనగర్): స్ట్రక్చరల్ ఫ్యాబ్రికేషన్ చేసే మాకు మొదటిసారి ప్రెజర్ వెజల్ (లోపల ఒత్తిడి తట్టుకునే ట్యాంకు) ఆర్డర్ వచ్చింది. వెల్డింగ్ ప్రొసీజర్లు, వెల్డర్ల క్వాలిఫికేషన్ అన్నీ అడుగుతున్నారు. ఒక వెల్డింగ్ ఇంజనీర్‌ని ఉద్యోగంలో పెట్టుకోవడమా, బయటి నుంచి పిలవడమా?

జవాబు: మొదటి ఆర్డర్‌కి బయటి నుంచే పిలవండి, సందేహం లేదు. ప్రొసీజర్ క్వాలిఫై చేయడం, అంటే ఆ పద్ధతిలో వేసిన వెల్డ్ నిలుస్తుందని టెస్టులతో చూపించడం అనేది ఒకసారి సరిగ్గా చేసి పెట్టుకుంటే అదే మెటీరియల్, అదే మందం రేంజ్, అదే ప్రాసెస్ ఉన్నంతవరకు మళ్ళీ మళ్ళీ వాడుకునే పని. ఏడాదికి రెండు మూడు సార్లు కావాల్సిన తెలివి కోసం నెలనెలా జీతం ఇవ్వడం ఈ సైజు కంపెనీకి భారం. టెస్ట్ కూపన్లు (పరీక్ష కోసం చేసే ముక్కలు) వెల్డ్ చేసేటప్పుడు, బెండ్ టెస్ట్, టెన్సైల్ టెస్ట్ చేసేటప్పుడు మీ సూపర్‌వైజర్‌ని పక్కనే నిలబెట్టండి, కరెంటు, వోల్టేజీ, స్పీడు ఎందుకు రాస్తున్నారో అతనికి తెలియాలి.

ఎలక్ట్రోడ్లు ఓవెన్‌లో కాల్చుకోవడం, వాటిని షాపులోకి తీసుకెళ్ళే క్వివర్ డబ్బా వేడిగా ఉంచుకోవడం లాంటివి మాత్రం కన్సల్టెంట్ రోజూ వచ్చి చూడలేడు, మన వైజాగ్ గాలిలో తేమ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎక్స్‌రేలో పోరోసిటీ (వెల్డ్ లోపల చిన్న చిన్న రంధ్రాలు) వచ్చిందని వేలకి వేలు పోసి ఎక్స్‌పర్ట్‌ని దింపి, చివరికి ఓవెన్ ప్లగ్ పీకేసి ఉందని తేలిన షాపులు నేను చూశా. ఇలాంటి ఆర్డర్లు వరసగా వస్తాయి అనుకుంటే అప్పుడు మీ కుర్రాడినే తిరుచ్చిలో బీహెచ్ఈఎల్ వాళ్ళ వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి కోర్సుకి పంపండి, ఆ ఖర్చు కన్సల్టెంట్ ఖర్చు కంటే ఎక్కువ రోజులు మీ దగ్గర ఉంటుంది.

ప్రశ్న (అచ్యుతాపురం): మాది చిన్న కెమికల్ యూనిట్. మా సేఫ్టీ ఆఫీసర్‌కి పదిహేనేళ్ళ అనుభవం. హజాప్ (ప్లాంటులో ఏది ఎక్కడ తప్పి ప్రమాదం రావొచ్చో వెతికే స్టడీ) 2016లో చేయించాం. ఆ తర్వాత ఒక రియాక్టర్ పెంచాం, ఒక సాల్వెంట్ మార్చాం, అంతే. ఇప్పుడు మళ్ళీ బయటివాళ్ళతో చేయించాలంటే ఆరు లక్షలు అంటున్నారు. నిజంగా అవసరమా, మా ఆఫీసరే చూసుకుంటే సరిపోదా?

జవాబు: అవసరం. బాలానగర్ వాళ్ళకి ఆగండి, చూడండి, ముందు మీరే ప్రయత్నించండి అన్నా, ఇక్కడ మాత్రం అనను. మీరు అంతే అని రాసిన ఆ రెండు మార్పులే నన్ను భయపెట్టాయి. సాల్వెంట్ మారితే ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరికి మంట అంటుకోగల ఉష్ణోగ్రత) మారుతుంది, మరిగే ఉష్ణోగ్రత మారుతుంది, స్టాటిక్ కరెంట్ ప్రమాదం మారుతుంది, ఆవిరి బయటికి పోయే వెంట్ సైజు సరిపోతుందో లేదో మళ్ళీ చూడాలి. 2016 కాగితం ఇప్పుడున్న ప్లాంటుది కాదు, లేని ప్లాంటుది.

మీకు దగ్గర్లోనే జరిగింది, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు, నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తుతూ రోడ్డు మీద పడిపోయిన దృశ్యాలు నేనింకా మర్చిపోలేదు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిన కారణాల్లో ఒకటి వినండి, ఆ ట్యాంకులో టెంపరేచర్ కొలిచేది అడుగున మాత్రమే. పైన వేడి పెరుగుతోందని చెప్పే సాధనం లేదు. పాలిమరైజేషన్‌ని, అంటే స్టైరీన్ దానంతటదే గట్టిపడుతూ వేడెక్కడాన్ని, ఆపే ఇన్‌హిబిటర్ మందు కూడా చాలినంత లేదు. రోజూ లాగ్ బుక్‌లో నంబరు రాసేవాళ్ళు ఉన్నారు, ఆ నంబరు అడుగుది. రోజూ చూసే కంటికి ఆ నంబరే ట్యాంకు అయిపోతుంది, అది ఎవరికైనా జరుగుతుంది, మీ ఆఫీసర్‌కైనా నాకైనా. కొత్తగా వచ్చినవాడు మాత్రమే మరి పైన ఎంతుంది అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆరు లక్షలు.

అయితే డబ్బు ఇచ్చేముందు ఒకటి గట్టిగా పట్టుకోండి. హజాప్ అంటే కన్సల్టెంట్ హోటల్ గదిలో కూర్చుని రాసుకొచ్చే రిపోర్టు కాదు, ఆయన నడిపించాలి, కూర్చోవాల్సింది మీ ప్రొడక్షన్, మెయింటెనెన్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, మీ సేఫ్టీ ఆఫీసరూ, అన్నిటికంటే ముఖ్యంగా నైట్ షిఫ్ట్‌లో వాల్వు తిప్పే ఆపరేటరూ. పైపులు, వాల్వులు, మీటర్లు చూపించే పీ అండ్ ఐడీ డ్రాయింగు చేత్తో పట్టుకుని ప్లాంటంతా నడిచి, కాగితం మీద ఉన్నదే పైపులోనూ ఉందా అని ముందు సరిచూసుకోవాలి. ఒక్క రోజులో అవగొట్టేస్తాం అనేవాళ్ళని తీసుకోకండి. రిపోర్టులో వచ్చిన ఒక్కో పాయింటుకి ఎవరు, ఏ తేదీలోపు అని పేరు రాసి, ఆ లిస్టు ఓనర్‌గా మీరే నెలనెలా చూడండి, దాన్ని మాత్రం ఎవరికీ అప్పగించకండి.

మీ సేఫ్టీ ఆఫీసర్‌ని ఇది అవమానం అనుకోనివ్వకండి. పెద్ద డాక్టర్లు కూడా సొంత ఇంట్లోవాళ్ళకి ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌ని పిలుస్తారు కదా.

ప్రశ్న (విజయవాడ ఆటోనగర్): బస్సు బాడీ బిల్డింగ్ షెడ్డు మాది, పదిహేను మంది. కన్సల్టెంట్ అంటే పెద్ద కంపెనీల మాట, మాలాంటోళ్ళకి అంత డబ్బెక్కడిది?

జవాబు: చిన్న పరిశ్రమలకి కేంద్రం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా అన్నయ్యా? లేకపోతే ముందు అది చేయించుకోండి. కేంద్రం 2023 మార్చిలో చిన్న యూనిట్లలో వేస్టు తగ్గించడానికి ఎంఎస్ఎంఈ లీన్ స్కీము కొత్తగా మొదలుపెట్టింది, అందులో కన్సల్టెంట్ దగ్గరుండి నడిపించే ఖర్చులో 90 శాతం ప్రభుత్వం ఇస్తుందని, యూనిట్ పెట్టుకునేది పది శాతమని అప్పుడు చెప్పారు. లోపాలు లేకుండా, పర్యావరణానికి హాని లేకుండా తయారుచేసేవాళ్ళకి ఇచ్చే జెడ్ సర్టిఫికేషన్ అని ఇంకోటుంది, ఫీజులో మైక్రో యూనిట్లకి 80, చిన్నవాటికి 60, మధ్య తరహాకి 50 శాతం సబ్సిడీ అని 2022లో ప్రకటించారు, మహిళలు, ఎస్సీ ఎస్టీల యూనిట్లకి ఇంకో పది అని అప్పుడన్నారు. చేరేముందు రూల్స్ ఇప్పుడెలా ఉన్నాయో పోర్టల్లో ఒకసారి సరిచూసుకోండి.

సబ్సిడీ వస్తోంది కదా అని మాత్రం చేరకండి. మీ షెడ్డులో ఏది మిమ్మల్ని రాత్రి నిద్ర పట్టనివ్వట్లేదో అది ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, బస్సు డెలివరీ ఎప్పుడూ వారం లేటు అవుతోంది, పెయింట్ మళ్ళీ మళ్ళీ కొట్టాల్సొస్తోంది, షీటు వేస్ట్ ఎక్కువవుతోంది, ఏదో ఒకటి. మొత్తం అన్నీ బాగుచేయాలి అని పిలిస్తే ఎవరొచ్చినా ఏమీ చేయలేరు. ఫీజు సంగతి, మొత్తం ముందే ఇవ్వకండి, మూడు ముక్కలు చేసి చివరి ముక్క, ఆయన వెళ్ళిపోయిన రెండు నెలలకి కూడా ఆ మార్పు నిలబడి ఉంటేనే అని రాసుకోండి. మంచివాళ్ళు దీనికి ఒప్పుకుంటారు, నేను ఒప్పుకుంటా.

ప్రశ్న (శ్రీసిటీ): సార్, నేను రేకుని నొక్కి పార్టులు చేసే ప్రెస్ షాపులో ప్రొడక్షన్ ఇంజనీర్‌ని. మాకు ప్రెస్‌లో డై (అచ్చు) మార్చడానికి రెండున్నర గంటలు పడుతుంది. కొత్త ప్రెస్ కొనక్కర్లేదు, డై మార్చే టైమ్ తగ్గిద్దాం, డైలు ముందే తెచ్చి పెట్టుకుందాం, బోల్టులు ఒకే సైజు చేద్దాం అని రెండేళ్ళుగా చెప్తున్నా, ఎవరూ వినలేదు. పోయిన నెల ఒక కన్సల్టెంట్ వచ్చి, నాతో గంట మాట్లాడి, అవే మాటలు స్లైడ్స్‌లో పెట్టి చూపిస్తే మేనేజ్‌మెంట్ చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను. ఉద్యోగం మానేద్దాం అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడు సార్లు చదివా. తప్పు నీది కాదు, ఆ వచ్చినాయనది కొంచెం, మీ మేనేజ్‌మెంట్‌ది చాలా. నీ పేరు చెప్పకుండా నీ మాట చెప్పడం మా వృత్తిలో చేయకూడని పని, నేనైతే మొదటి స్లైడ్‌లోనే ఇది ఫలానా ఇంజనీర్ ఆలోచన అని రాస్తా, రాశాను కూడా. ఇది చదివే ఓనర్లకి కూడా చెప్తున్నా, కన్సల్టెంట్‌కి ఫోన్ చేసే ముందు మీ షాపులో నలుగురిని కూర్చోబెట్టి, మీ చేతిలో ఉంటే ఏం మారుస్తారు అని అడగండి, అడిగి చెప్పింది రాసుకోండి. మీ మనుషులకి జవాబు తెలిసి, అనుమతి మాత్రమే లేనప్పుడు కన్సల్టెంట్‌ని పెట్టుకోవడం డబ్బు దండగ, పైగా ఇలాంటి మంచి ఇంజనీర్‌ని పోగొట్టుకుంటారు.

కానీ నువ్వు పట్టుకున్న పని మాత్రం చాలా పెద్దది తల్లీ, దాన్ని వదలకు. ఈ డై మార్చే టైమ్ తగ్గించే విద్యని జపాన్‌లో తయారుచేసిన షిగియో షింగో కూడా కంపెనీలకి బయటి నుంచి వెళ్ళిన మనిషే. 1950లో హిరోషిమాలో మాజ్దా మూడు చక్రాల బళ్ళు చేసే టోయో కోగ్యో ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్ సరిపోవట్లేదు, ఇంకోటి కొనాలి అంటుంటే, ఆయన కొన్ని రోజులు ఊరికే నిలబడి చూస్తానన్నాడు. డై మార్చేటప్పుడు ఒక బోల్టు కనపడలేదు, ఆ పనివాడు దానికోసం గంటకి పైగా తిరిగాడు, దొరక్క చివరికి పక్క ప్రెస్ బోల్టు తెచ్చి, కోసి, థ్రెడ్ వేసి బిగించాడు. అంతసేపూ ప్రెస్ ఆగే ఉంది! ప్రెస్ ఆపితేనే చేయగలిగే పని వేరు, ప్రెస్ నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగే పని వేరు అని ఆయనకి అక్కడే తట్టింది. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కి డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది, జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు రెండు గంటల్లో చేస్తున్నారని తెలిసి మొదలుపెడితే, ఆరు నెలల్లో గంటన్నరకి వచ్చింది, ఆ తర్వాత మూడు నిమిషాల్లో చేయాలి అని పైనుంచి మాటొస్తే ఇంకో మూడు నెలల్లో అదీ చేసి చూపించారు. నువ్వు రెండేళ్ళుగా చెప్తున్నది ఇదే.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఆ కన్సల్టెంట్‌ని ఒక నెల నీకు పనికొచ్చేలా వాడుకో. మేనేజ్‌మెంట్ ఇప్పుడు ఆయన మాట వింటోంది కాబట్టి నువ్వు అడిగినా రాని సామాన్లు ఆయన నోటితో అడిగించు, డైలు పెట్టుకునే ట్రాలీ, ఒకే ఎత్తు క్లాంపింగ్ ప్లేట్లు, ఒకే సైజు బోల్టులు, డై మార్చే ఇద్దరు సెట్టర్లకి ఆ టైములో వేరే పని చెప్పకుండా ఉండడం. ట్రయల్స్ నీ పేరు మీద నడపాలని, ప్రతి ట్రయల్ టైమూ బోర్డు మీద రాయాలని మీటింగ్‌లోనే అందరి ముందు అడుగు, మెయిల్ కూడా పెట్టు. ఆయన వెళ్ళిపోయేది ఖాయం, ఆ తర్వాత టైమ్ మళ్ళీ పెరగకుండా చూసేది నువ్వే. ఆ రోజు జీతం పెంచమని, పోస్టు మార్చమని అడగడానికి నీ చేతిలో లెక్క ఉంటుంది, ఇవ్వకపోతే అదే లెక్క పట్టుకుని ఇంకో కంపెనీకి వెళ్ళు, అప్పుడు మానెయ్, ఇప్పుడు కాదు.

ముందు ఒక డై మార్పు మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో వీడియో తియ్యి. సెట్టర్లకి ముందే చెప్పి, మీ తప్పులు పట్టడానికి కాదు అని నచ్చజెప్పి తియ్యి. ప్రెస్ ఆగి ఉన్న మొదటి అరగంటలో ఎవరు దేనికోసం ఎంత దూరం నడిచారో నిమిషాలతో సహా రాసి నాకు పంపు, వచ్చే నెల ఈ పేజీలోనే ఆ అరగంటని నువ్వూ నేనూ కలిసి విడదీసి చూద్దాం.